ఐదో ఆదివారం

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ఆల్బన్ పెటిఫర్ అయ్యగారు థ్రెల్బీ బడిలో ముప్పైమంది పిల్లలకు నోవహు ఓడ కథ చెప్పాడు. వాన వెలిసి, పావురం తిరిగొచ్చి, ఇంద్రధనుస్సు కూడా వచ్చేశాక, ముందు వరసలో కూర్చున్న పిల్ల ఒకతె చెయ్యెత్తింది.

"అయ్యగారూ, అన్ని జంతువులు అన్ని రోజులుంటే పేడ ఎవరెత్తారు?"

దేవుడి చదువు ఆయన మూడేళ్ళు చదివాడు గానీ ఈ పాఠం అందులో లేదు. "మన చర్చిలో గబ్బిలాల రెట్ట నేనే ఎత్తుతాను. నోవహు కూడా అంతే అయి ఉంటాడు," అన్నాడు. పిల్లలకు ఓడ కంటే ఆ జవాబే నచ్చింది.

అక్కణ్ణుంచి మంచం పట్టిన పెర్సీ దగ్గరకు వెళ్ళి రొట్టె, ద్రాక్షారసం ఇచ్చాడు. పెర్సీ రొట్టె తిని, నిరుటి రొట్టె దీనికంటే మెత్తగా ఉండేదన్నాడు. తర్వాత చావు జరిగిన ఇంట్లో, తండ్రి శవపేటిక ముందు ఏ పాట పాడాలో తేలక కొట్టుకోబోతున్న ఇద్దరు కొడుకుల మధ్య గంటసేపు కూర్చున్నాడు. చర్చి చూరు కాలవలో కాకిగూడు అడ్డం పడితే నిచ్చెనెక్కి తీశాడు. బిషప్పు గారి ఆఫీసు పంపిన పద్నాలుగు పేజీల ఫారం ముందేసుకుని, 'మీ ఆవరణలో ముళ్ళపందులు ఎన్ని?' అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. ఈలోపు ఆరు కప్పుల టీ అయింది. ఎవరింటికి వెళ్ళినా టీ తాగకపోతే వాళ్ళకు కోపం, తాగితే ఆయన కడుపుకు కోపం. కోపగించుకున్నా ఊరుకునేది కడుపే గనక ఆయన తాగేసేవాడు.

నాలుగు ఊళ్ళకు, నాలుగు చర్చిలకు, ఒక్క పాదిరి. ఇంత పనీ ఆయనొక్కడే ఈడ్చుకొస్తున్నాడనుకుంటే పొరపాటు. థ్రెల్బీ వరకు సగం పని అంగీ చేసేది.

ప్రార్థన నడిపేటప్పుడు పాదిరి నల్ల బట్టల మీద తొడుక్కునే తెల్లటి వదులు అంగీ అది. ఒకప్పుడు కానన్ బిరుదున్న ట్రెమ్లెట్ గారిది. ఆ పెద్దాయన నలభై ఒక్క ఏళ్ళు థ్రెల్బీలో పాదిరిగా ఉండి ఒక మంగళవారం కాలం చేశాడు. బుధవారం సాయంత్రం ప్రార్థన వేళకు అంగీ కొయ్య మీంచి దానంతట అదే దిగి, నడవాలోంచి నడిచి వచ్చి, ప్రార్థన మొదలుపెట్టింది. మనిషి పోయాడని వారం మధ్యలో పనులు ఆగుతాయా అనుకుంది ఊరు.

లోపల ఎవరూ ఉండరు. మెడ దగ్గరి ఖాళీలోంచి కానన్ గారి గొంతు, గంజి పెట్టినట్టు కాస్త బిగుసుకుని, వినపడుతుంది. చేతులు లేవు గనక రొట్టె విరవలేదు. తడిస్తే ముడుచుకుపోతానన్న భయంతో బాప్తిస్మాల జోలికి పోదు. వాన పడితే గడప దాటదు. ఇక చదవడం, ప్రార్థించడం, జబ్బుపడినవాళ్ళ పక్కన కదలకుండా కూర్చోవడం, ఈ మూడూ ఆల్బన్ కంటే బాగా చేస్తుందని ఊరందరి అభిప్రాయం. పైగా దానికి టీ పెట్టనక్కర్లేదు.

మధ్యాహ్నం మూడున్నరకు ఆల్బన్ చర్చి వెనకగదిలోకి వెళ్ళాడు. మర్నాడు పన్నెండింటికి లెన్ బాగ్‌షా కూతురు రోవెనా పెళ్ళి. దానికి పుస్తకాలు సిద్ధం చెయ్యాలి.

లెన్ థ్రెల్బీ గంటలకు నాయకుడు. గోపురంలో ఆరు గంటలు, ఆరు తాళ్ళు, ఆరుగురు మనుషులు. ఎవరు ఎప్పుడు లాగాలో కేకేసి చెప్పేది అతను. లెన్ నోరు తెరిస్తే రెండు మైళ్ళ అవతల మార్విక్‌లో ఆవులు తలెత్తి చూసేవని చెప్పుకుంటారు. అది అబద్ధం. ఎత్తేవి గొర్రెలు. అలాంటి గొంతులో ఈ వసంతంలో చెడ్డ పుండు బయటపడింది. మంగళవారం పట్నం ఆసుపత్రిలో గొంతుపెట్టె తీసేస్తున్నారు. సోమవారం పొద్దున్నే వెళ్ళి చేరాలి. అందుకే ఆగస్టులో జరగాల్సిన పెళ్ళిని జూన్ ఐదుకు ముందుకు జరిపారు. కూతురి పెళ్ళి విందులో తండ్రి లేచి నాలుగు మాటలు చెప్పడం ఆ ఊరి ఆచారం. లెన్‌కు ఆ నాలుగు మాటలూ తన గొంతుతో చెప్పాలని ఉంది. శనివారం చెప్పకపోతే ఇక చెప్పేది లేదు.

ఆల్బన్ పెళ్ళి ప్రకటనల పుస్తకం తెరిచాడు. చర్చిలో పెళ్ళి కావాలంటే అంతకుముందు మూడు ఆదివారాలు పాదిరి ఆ ఇద్దరి పేర్లూ పైకి చదివి, ఈ పెళ్ళికి అడ్డు చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడగాలి. ఎవరూ చెప్పరు. అయినా ప్రతిసారీ అందరూ ఆశగా వెనక్కి తిరిగి చూస్తారు. మూడుసార్లూ చదివితేనే పెళ్ళి. రెండుసార్లు చదివితే అది పెళ్ళి కాదు, విందు.

మే పదహారు, చదివినట్టు సంతకం ఉంది. మే ఇరవై మూడు, ఉంది. మే ముప్పై దగ్గర గీత ఖాళీగా ఉంది. గీత చివర నీలం మరక ఒకటి, తడిబట్ట అద్దినట్టు, గళ్ళు గళ్ళుగా. గోడ చెమ్మ అనుకున్నాడు. ఆ గీత ఎందుకు ఖాళీగా ఉందో గుర్తు చేసుకుందామని చూశాడు. గుర్తొచ్చింది. పక్కనున్న పాటల పుస్తకాల గుట్ట మీద కూర్చుండిపోయాడు.

నెలలో ఐదో ఆదివారం వస్తే ఆ రోజు నాలుగు ఊళ్ళవాళ్ళూ ఒకే చర్చిలో కలిసి ప్రార్థన చేస్తారు. మిగతా మూడూ మూసి ఉంటాయి. మొన్నటి ఐదో ఆదివారం వంతు మార్విక్‌ది. ఆయన మార్విక్‌లో మార్విక్ పుస్తకం తెరిచి మార్విక్ ప్రకటనలు చదివి, వాళ్ళిచ్చిన కేకు తిని ఇంటికొచ్చాడు. థ్రెల్బీ పుస్తకం థ్రెల్బీలో బల్ల మీదే ఉండిపోయింది.

వెంటనే చర్చి పెద్ద డెస్మండ్ ప్లమ్‌లీకి ఫోన్ చేశాడు. డెస్మండ్ కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం. పీకినవాటిని పొడవును బట్టి వరసలో పెడతాడు కూడా.

"డెస్మండ్ గారూ, మొన్న ఆదివారం నేను రోవెనా ప్రకటన చదవలేదు."

"అవును. చదవలేదు. గమనించాను."

"గమనించారా? మరి చెప్పలేదేం?"

"ప్రార్థన మధ్యలో మాట్లాడటం మర్యాద కాదు కదండీ."

"అయ్యాకైనా చెప్పొచ్చుగా!"

"అయ్యాక టీ ఇచ్చారు," అన్నాడు డెస్మండ్. "మీరు లైసెన్సు తీసుకుని ఉంటారులే అనుకున్నాను. ప్రకటన బదులు లైసెన్సు చెల్లుతుంది."

లైసెన్సు ఇచ్చే ఆఫీసు శుక్రవారం మూడింటికే మూసేస్తారు. ఆల్బన్ అయినా ఫోన్ చేశాడు. సోమవారం పది గంటలకు మళ్ళీ చెయ్యమని రికార్డు చేసిన గొంతు చాలా మర్యాదగా చెప్పింది. సోమవారం పది గంటలకు లెన్ ఆసుపత్రి మంచం మీద ఉంటాడు.

ఆయన కలం తీశాడు. ఖాళీ గీత మీద చిన్న సంతకం. ఎవరికి తెలుస్తుంది? డెస్మండ్‌కు తెలుసు, దేవుడికి తెలుసు. ఇద్దరిలో డెస్మండ్ మరిచిపోడు. ఆయన కలం మూత పెట్టి జేబులో వేసుకుని, టోపీ పెట్టుకుని, లెన్ ఇంటికి బయల్దేరాడు. చెడ్డ కబురు ఫోన్‌లో చెప్పకూడదని ఆయన నియమం. దాని వల్ల ఊళ్ళో ఆయన నడిచి వస్తుంటే సగం మంది తలుపులేసుకుంటారు.

లెన్ వంటింట్లో కూర్చుని కాగితాలు సర్దుకుంటున్నాడు. పక్కన పలక, బలపం. రోవెనా పెళ్ళి గౌనుకు గుండీ కుడుతోంది.

"రండి అయ్యగారూ! నాన్న నిన్న పొద్దుణ్ణుంచి ఒక్క మాట మాట్లాడలేదు. రేపటికి దాచుకుంటున్నాడట," అంది రోవెనా. "ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో! కుక్క భయపడి మంచం కిందకి దూరింది."

లెన్ నవ్వి కాగితాలు చూపించాడు. పందొమ్మిది పేజీలు. రెండు వైపులా.

"లెన్, ఒక చిన్న సంగతి..." అని ఆల్బన్ నీళ్ళు నమిలాడు.

లెన్ కూతురికి సైగ చేశాడు. ఆమె నవ్వుకుంటూ పక్కగదిలోకి వెళ్ళింది. అతను పలక పక్కన పెట్టి, దాచుకున్నదాంట్లోంచి కాస్త తీసి ఖర్చుపెట్టాడు. గొంతు అప్పటికే గరగరలాడుతోంది.

"ఇరవై ఆరేళ్ళు దాని మీద అరిచాను అయ్యగారూ. చెప్పులు అక్కడ వదలొద్దని, తలుపు గట్టిగా వెయ్యొద్దని. మంచిమాట చెబుదాం చెబుదాం అనుకుంటూ ఎప్పటికప్పుడు రేపు చెప్పొచ్చులే అనుకున్నా." కాగితాల మీద చెయ్యి వేశాడు. "ఆ రేపు, రేపే."

ఆల్బన్ టోపీ చేతుల్లో తిప్పాడు. "రేపు వాన రాదట. ఆ మాట చెబుదామనే వచ్చాను," అన్నాడు. అన్నాక, తనంత పిరికివాడు నాలుగు ఊళ్ళలోనూ లేడనుకుంటూ బయటపడ్డాడు.

వీధి మలుపులో మావిస్ గ్రిగ్స్ కిటికీలోంచి పిలిచింది. అంగీని ప్రతి గురువారం ఉతికి శుక్రవారం ఇస్త్రీ చేసేది మావిస్. అంచులు చూసి అంగీ ఆ వారం ఎవరింటికి వెళ్ళిందో చెప్పేస్తుంది. బొగ్గు మసి ఉంటే పెర్సీ ఇల్లు, కోడి ఈక ఉంటే కింది వాడ. ఊళ్ళో ఎవరికి ఒంట్లో బాగాలేదో డాక్టరు కంటే ముందు ఆమెకు తెలిసేది. ఆమె తర్వాత ఊరికి తెలిసేది. డాక్టరుకు ఆ తర్వాత.

"అయ్యగారూ, ఒకసారి లోపలికి రండి. దీన్ని చూడండి. నాకు ఉతికి ఉతికి చేతులు పోయాయి."

అంగీ ఇస్త్రీ బల్ల మీద బుద్ధిగా పడుకుని ఉంది. మావిస్ కుడి చేతి అంచు ఎత్తి చూపించింది. నీలం సిరా. "సబ్బుకు పోలేదు, నిమ్మకాయకు పోలేదు. భుజం మీద కొవ్వొత్తి మైనం. పోయిన శుక్రవారం మంచులా తెల్లగా తగిలించి వచ్చాను. ఆదివారం మీరంతా మార్విక్‌లో కేకు తింటున్నారు. మరి కొవ్వొత్తి ఎవరు వెలిగించినట్టు?"

ఆల్బన్ ఆ సిరా అంచు వంక చూశాడు. నేత గళ్ళు. పుస్తకంలో ఖాళీ గీత చివరి మరక కూడా అలాగే గళ్ళు గళ్ళుగా ఉంది.

"ఆదివారం ఇది ప్రార్థన నడిపింది," అన్నాడు మెల్లగా. "ప్రకటన చదివింది. సంతకం పెట్టబోయింది."

"పాపం, చేతుల్లేవుగా," అంది మావిస్, ఇస్త్రీకి నీళ్ళు చిలకరించి. అంగీ చిన్నగా ముడుచుకుంది.

"కానీ విన్నవాళ్ళు ఉండాలి మావిస్ గారూ. ఖాళీ బల్లలకు చదివితే చెల్లదు. నలుగురికీ తెలియడానికే ప్రకటన. ఒక్క మనిషైనా వినాలి. ఆ రోజు ఊరంతా మార్విక్‌లో ఉంది."

మావిస్ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. ముఖంలో దీపావళి. పందొమ్మిదేళ్ళుగా ఎదురుచూసిన రహస్యం చేతికి దొరికిన ఆడమనిషి ముఖం అలాగే ఉంటుంది. అంగీ కింది అంచు తిరగేసి, కుట్టులో ఇరుక్కున్న రెండు ఎర్రటి వెంట్రుకలు లాగి చూపించింది.

"ఎర్రపిల్లి. ఈ ఊళ్ళో ఎర్రపిల్లి ఒక్కటే ఉంది అయ్యగారూ."

ఆ పిల్లి ఈడిత్ స్కట్‌ది. ఈడిత్ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క మెథడిస్టు, అంటే వేరే శాఖ క్రైస్తవురాలు. పందొమ్మిదేళ్ళ కిందటి వరకు చర్చి మనిషే; గోపురంలో మూడో గంట లాగేది. ఒకరోజు లెన్ అందరి ముందూ, "ఈడిత్! ఆలస్యం!" అని అరిచాడు. ఆ అరుపు మార్విక్ దాకా వినపడింది. ఆమె తాడు వదిలి, మెట్లు దిగి, ఆ గొంతు వినపడే చోట ఇక అడుగుపెట్టనని చెప్పి, మెథడిస్టుల ప్రార్థనాలయంలో చేరింది. మూడేళ్ళకు జనం లేక దాన్ని మూసేసి ఇల్లుగా అమ్మేశారు. ఆమె మాత్రం మారలేదు. ఒక్కతే ఇంట్లో కూర్చుని మెథడిస్టుగా ఉంటోంది.

ఆల్బన్, మావిస్, చట్టం పుస్తకం చంకలో పెట్టుకుని దారిలో కలిసిన డెస్మండ్, ముగ్గురూ వెళ్ళేసరికి ఈడిత్ పెరట్లో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. పిల్లి ఆమె కాళ్ళ దగ్గర పడుకుని ఉంది.

"ముగ్గురొచ్చారంటే ఎవరో పోయుండాలి," అందామె తలెత్తకుండా.

"నీ పిల్లి ఆదివారం చర్చికి వెళ్ళింది," అంది మావిస్.

"పిల్లి మతం పిల్లి ఇష్టం. నేను మెథడిస్టుని."

"మరి అంగీ అంచుకు..."

"మావిస్, నీ ముక్కు ఇంకొంచెం పొడుగుంటే దాంతోనే తోట తవ్వుకోవచ్చు."

ఆల్బన్ ఇద్దరి మధ్యా గడ్డిలో కూర్చున్నాడు. ఈసారి నీళ్ళు నమల్లేదు. తాను చేసిన పొరపాటు, ఖాళీ గీత, మూసేసిన ఆఫీసు, లెన్ పందొమ్మిది పేజీలు, మంగళవారం, అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పాడు. "ఆ రోజు చర్చిలో మీరు ఉండి ఉంటే, విని ఉంటే, ఆ అమ్మాయి పెళ్ళి రేపు జరుగుతుంది. లేకపోతే ఇప్పుడే వెళ్ళి లెన్‌కు చెప్పాలి. చెప్పడానికి ఒకసారి వెళ్ళి, ధైర్యం లేక తిరిగొచ్చాను."

ఈడిత్ ఒక కాయ వలిచింది. ఇంకొకటి వలిచింది. మూడోదాన్ని వలవకుండా చేతిలో పట్టుకుంది.

"ప్రతి ఐదో ఆదివారం వెళతాను," అంది చివరికి. "మీరంతా పక్క ఊళ్ళకు పోయాక. నా పాత చోటులో కూర్చుంటాను. నేను వస్తానని దానికి తెలుసు. కొవ్వొత్తి నేనే వెలిగిస్తాను. అది ప్రార్థన చెబుతుంది."

మావిస్ నోరు తెరిచింది. ఆల్బన్ ఆమె వైపు చూశాడు. అరుదైన విషయం, మావిస్ నోరు మూసుకుంది.

"అక్కడ కూర్చుని ఏం అడిగేదాన్నో తెలుసా అయ్యగారూ? ఆ లెన్ బాగ్‌షా గొంతు మూతపడాలని. పందొమ్మిదేళ్ళు అడిగాను." ఆమె గిన్నెలోకి చూసింది. "నేను అడిగింది కాస్త జలుబు. దేవుడు ఇంత బాగా వింటాడని నాకేం తెలుసు?"

"దేవుడు అలా వినడు ఈడిత్ గారూ," అన్నాడు ఆల్బన్. "ముప్పై ఏళ్ళుగా నేను అడిగినవి చూస్తే తెలుస్తుంది. చూరు కాలవ ఒక్కటీ బాగుపడలేదు."

ఆమె నవ్వబోయి, ముక్కు చీదింది.

"విన్నాను. రోవెనా పేరు చదివింది. ఇది మూడోసారి, ఆఖరిసారి అని చెప్పింది. అడ్డు చెప్పేవాళ్ళు ఉన్నారా అని నా వైపు తిరిగి ఆగింది. చాలాసేపు ఆగింది. నేనొక్కదాన్నేగా ఉంది!"

"మీరేమన్నారు?" అన్నాడు డెస్మండ్, పెన్సిలు తీసి.

"పిల్ల మీద ఏమీ లేదు, దాని తండ్రి మీద అయితే నాలుగున్నాయి, చెప్పమంటావా అన్నాను. అది వినిపించుకోకుండా కీర్తన అందుకుంది."

డెస్మండ్ పుస్తకం తెరిచాడు. ముగ్గురూ అతని పెదాల వంక చూశారు. లెన్ గొంతు ఆ క్షణాన కోడిగుడ్డు మీది ఈకలా డెస్మండ్ వేళ్ళ మధ్య ఉంది.

"'వినపడేలా చదవాలి.' వినపడింది. 'ఆదివారం, ప్రార్థన మధ్యలో.' సరే. 'గురువు చదవాలి.' ఇక్కడ చిక్కుంది. పాదిరి పని చేసే లైసెన్సు కానన్ గారికిచ్చారు, అంగీకి కాదు." పేజీ తిప్పాడు. "'గురువు లేనిచోట, ప్రార్థన నడుపుతున్న సంఘ సభ్యులు ఎవరైనా చదవవచ్చు.' హూఁ."

"అంగీ సంఘ సభ్యురాలని ఎక్కడుంది?" అన్నాడు ఆల్బన్, నీరసంగా.

డెస్మండ్ ఆయన్ను నొచ్చుకున్నట్టు చూశాడు. "థ్రెల్బీ సంఘం జాబితా ఏటా రాసేది నేనండీ. నూట పన్నెండు పేర్లు. మనుషులు నూట పదకొండుగురే. పదేళ్ళుగా మీరు దాని మీద సంతకం పెడుతున్నారు, ఒక్కసారైనా చదివారా?" పుస్తకం మూశాడు. "జాబితాలో ఉండాలంటే క్రమంగా హాజరు కావాలి. నూట పన్నెండు మందిలో ఒక్క ఆదివారం కూడా మానకుండా వచ్చింది అదొక్కటే. దాన్ని రాయకపోతే ఇంకెవర్ని రాయను? పెళ్ళి చెల్లుతుంది."

ఆల్బన్ గడ్డిలో వెల్లకిలా పడిపోయాడు. ఆకాశం నీలంగా ఉంది. పిల్లి వచ్చి ఆయన పొట్ట మీద కూర్చుంది. ఆరు కప్పుల టీ ఆ బరువుకు కదిలాయి. అయినా ఆయనకు అంత హాయి ఆ సంవత్సరంలో కలగలేదు.

"ఈ సంగతి ఊళ్ళో తెలియకూడదు," అంది ఈడిత్.

"నా నోట్లోంచి రాదు," అంది మావిస్, గుండె మీద చెయ్యి వేసుకుని. ఆమె మాట తప్పలేదు. ఆరు గంటలకల్లా ఊరందరికీ తెలిసింది గానీ, ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే ఎర్ర వెంట్రుకలు చూపించిందంతే.

వాళ్ళు లేచి వెళుతుంటే ఈడిత్ వెనక నుంచి అడిగింది. "రేపు లెన్ పెళ్ళికూతురి తండ్రి. గోపురం ఎక్కడు. ఆరో మనిషి ఎవరు?"

"అయిదుగురే ఉన్నారు. ఒక గంట ఊరుకుంటుంది," అన్నాడు ఆల్బన్.

"ఏది?"

"మూడోది. మీరు మానేశాక లెనే లాగుతున్నాడు."

ఆమె చిక్కుడు తొక్కలు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం పన్నెండింటికి ఆల్బన్ కానన్ గారి అంగీ తొడుక్కుని చర్చి గుమ్మంలో నిలబడ్డాడు. తొడిగినప్పుడు అది మాట్లాడదు, నడవదు. భుజాల దగ్గర మాత్రం కాస్త నిటారుగా లాగుతుంది. ఆ రోజు ఇంకాస్త లాగింది. కుడి అంచు మీద సిరా అలాగే ఉంది. మావిస్ దాన్ని కప్పుతూ పువ్వు కుడతానంటే ఆయనే వద్దన్నాడు. ప్రకటనల పుస్తకంలో ఆ గళ్ళ మరక కింద, 'నా అనుమతితో చదివినది' అని రాసి సంతకం పెట్టాడు. అనుమతి ఆలస్యంగా ఇచ్చాడు, అంతే.

రోవెనా తండ్రి చెయ్యి పట్టుకుని చర్చి దారిలో నడిచి వస్తోంది. గోపురంలో గంటలు మొదలయ్యాయి. ఒకటి, రెండు, నాలుగు. మూడు. అయిదు, ఆరు.

లెన్ ఆగిపోయాడు. తల ఎత్తాడు. మళ్ళీ ఒకటి, రెండు, నాలుగు, మూడు. సమాధుల మధ్య నిలబడిన జనమంతా అతని వంకే చూస్తున్నారు. గురువారం నుంచి దాచుకుంటున్న గొంతు. పందొమ్మిది పేజీల కోసం అతి పొదుపుగా దాచుకున్న గొంతు. లెన్ దాని మూత తీసి, గుండెల నిండా గాలి పీల్చి, అరిచాడు.

"ఈడిత్! ఆలస్యం!"

మార్విక్‌లో గొర్రెలు తలెత్తాయో లేదో తెలియదు. గోపురం కిటికీలోంచి మాత్రం జవాబొచ్చింది.

"పన్నెండుం పావయింది లెన్ బాగ్‌షా! ముందు నీ కూతుర్ని లోపలికి తీసుకుపో, ఆలస్యం ఎవరిదో తర్వాత చూద్దాం!"

రోవెనా నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. ముఖానికి పూసుకున్నదంతా పోయింది. పెళ్ళిఫోటోల్లో ఆమె ఎర్రముక్కుతో ఉంటుంది. అన్నిటిలోనూ బాగుంటుంది.

విందులో లెన్ నలభై ఏడు నిమిషాలు మాట్లాడాడు. సూపు చల్లారింది, కేకు మీది మీగడ కారింది, పెళ్ళికొడుకు నాయనమ్మ రెండుసార్లు నిద్రపోయి లేచింది. డెస్మండ్ గడియారం చూడలేదు. చివరి పేజీలు వచ్చేసరికి గొంతు సన్నబడి, అందరూ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. ఆఖరి మాటలు రోవెనా చెవికే వినపడ్డాయి. ఆమె ఎవరికీ చెప్పలేదు. థ్రెల్బీలో ఎవరూ చెప్పుకోని సంగతి ఇప్పటికీ అదొక్కటే.

మంగళవారం ఆపరేషను బాగానే జరిగింది. గురువారం మావిస్ ఉతకడానికి వెళితే కొయ్య మీద అంగీ లేదు. శనివారం ఆల్బన్ ఆసుపత్రికి వెళ్ళాడు. దారిలో రెండు బాప్తిస్మాల ఇళ్ళు, ఒక జామ్ పోటీ తీర్పు, మూడు టీలు. మెడకు కట్టుతో లెన్ దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. మంచం పక్క కుర్చీలో అంగీ కూర్చుని ఉంది. నర్సు దానికి కుర్చీ వేసి, చూడ్డానికొచ్చేవాళ్ళ వేళ ఎనిమిదికి అయిపోతుందని మాత్రం గట్టిగా చెప్పిందట.

ఆల్బన్ గుమ్మంలోనే ఆగాడు. అంగీ మెడలోంచి, ఆ ఖాళీలోంచి, కానన్ గారి గొంతు మెల్లగా ఒక్క అక్షరం చెప్పింది. "ఆ."

లెన్ నోరు తెరిచాడు. గాలి వచ్చింది.

"ఆ," అంది అంగీ మళ్ళీ, ఓపిగ్గా.

గొంతు లేకుండా మాట్లాడటం ఎలాగో నాలుగు ఊళ్ళలోనూ దానికొక్కదానికే తెలుసు. ఆల్బన్ తలుపు దగ్గరకి వేసి, టీ వద్దని నర్సుకు చెప్పి, ఇంటికొచ్చేశాడు. ఆ వేసవంతా బుధవారం ప్రార్థనలు ఆయనే నడిపాడు. బాగాలేవని ఊరు చెప్పుకుంది.

నవంబరులో ఒక శుక్రవారం సాయంత్రం గంటలు సాధన చేస్తున్నారు. లెన్ మెడకు రుమాలు చుట్టుకుని గోపురం మెట్లెక్కి వచ్చి, తన పాత చోట నిలబడ్డాడు. తాళ్ళు లాగారు. ఒకటి, రెండు, నాలుగు, మూడు.

లెన్ పొట్టలోకి గాలి మింగాడు. అప్పుడు ఆ గదిలో ఒక గొంతు వచ్చింది. చిన్నది, గంజి పెట్టినట్టు కాస్త బిగుసుకున్నది, ఆ ఆరు తాళ్ళు దాటి పోనిది.

"ఈడిత్. ఆలస్యం."

తాళ్ళన్నీ ఆగాయి. ఈడిత్ వెనక్కి తిరగలేదు. మూడో తాడు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"సరిగ్గా వినపడలేదు," అంది. "మళ్ళీ చెప్పు."